గ్రేట్ స్మోకీ పర్వతాల దెయ్యం కథలు

గ్రేట్ స్మోకీ పర్వతాల జాతీయ ఉద్యానం అమెరికా ఆగ్నేయ ప్రాంతంలో టెనెసీ, నార్త్ కరోలినా రాష్ట్రాల సరిహద్దు పొడవునా ఉంది. విస్తీర్ణం 5,22,000 ఎకరాల పైమాటే. 1934లో ఏర్పడిన ఈ ఉద్యానాన్ని 1940 సెప్టెంబరు 2న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ న్యూఫౌండ్ గ్యాప్ కనుమ దగ్గర జాతికి అంకితం చేశారు. 1983లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఏటా కోటి మందికి పైగా వస్తారు. అమెరికాలోని జాతీయ ఉద్యానాల్లో మరి దేనికీ ఇంత తాకిడి లేదు. అట్లాంటా, షార్లెట్, నాష్‌విల్‌ల నుంచి కారులో ఒక పూటలో చేరుకోవచ్చు. అందుకే మూడు రోజుల సెలవు కలిసొస్తే ఆ ఊళ్ల తెలుగు కుటుంబాలు కూడా ఇటు బయలుదేరుతుంటాయి.

వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఎలుగుబంట్ల కోసం, జలపాతాల కోసం, శరత్కాలపు ఆకుల రంగుల కోసం వస్తారు. దెయ్యాల కోసం వచ్చేవాళ్లూ ఉన్నారు. రోరింగ్ ఫోర్క్ దారిలో చెప్పుల్లేని పిల్ల, ఫాంటానా సరస్సు ఒడ్డున కదిలే వెలుగు, కేడ్స్ కోవ్ లోయలో శాపపు బొంత, ఎల్క్‌మాంట్‌లో పాడుబడ్డ ఇళ్లు: ఈ పేర్లు ఆ ప్రాంతంలో అందరి నోటా నలిగినవే. వీటిని నమ్మినా నమ్మకపోయినా ఒక సంగతి మాత్రం గమనించాలి. ఇప్పుడు కీకారణ్యంలా కనిపించే ఈ నేలలో చాలా భాగం వందేళ్ల కిందట ఊళ్లు, పొలాలు, రంపపు మిల్లులు. తెల్లవాళ్ల దెయ్యం కథలు దాదాపు అన్నీ ఆ ఖాళీ అయిన ఇళ్ల చుట్టూనే తిరుగుతాయి. మనిషి కాలు మోపని శిఖరాల మీద దెయ్యాలు లేవు. ఒకప్పుడు పొయ్యి వెలిగిన చోటే ఉన్నాయి.

ఊళ్లు ఖాళీ అయిన తీరు

మొదట వెళ్లగొట్టింది ఇక్కడి ఆదివాసులైన చెరోకీలను. 1838లో అమెరికా సైన్యం వాళ్లను పోగుచేసి పడమటికి, ఇప్పటి ఓక్లహోమాకు తరలించింది. ఆ దారిలోనూ అంతకు ముందు ఉంచిన శిబిరాల్లోనూ సుమారు నాలుగు వేలమంది చనిపోయారని అంచనా. కొండల్లో దాక్కున్నవాళ్లు, అప్పటికే వేరుగా స్థిరపడినవాళ్లు కొందరు మిగిలారు. వాళ్ల సంతతే ఉద్యానం దక్షిణపు అంచున క్వాలా బౌండరీలో ఉంటున్న ఈస్టర్న్ బ్యాండ్ చెరోకీలు.

రెండోసారి వెళ్లవలసి వచ్చింది వాళ్ల తర్వాత వచ్చిన తెల్ల రైతులకు. పడమటి రాష్ట్రాల్లోని యెల్లోస్టోన్ వంటి ఉద్యానాలు ప్రభుత్వ భూమిలో వెలిశాయి. స్మోకీలలో మాత్రం ప్రతి ఎకరమూ ఎవరిదో ఒకరిది. కలప కంపెనీల నుంచి పెద్ద పెద్ద భాగాలు, రైతుల నుంచి వేలాది చిన్న కమతాలు కొనాల్సి వచ్చింది. రాష్ట్రాలు, ప్రజలు ఇచ్చిన సొమ్ము చాలకపోతే జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ 1928లో యాభై లక్షల డాలర్లు సమకూర్చారు. అమ్మనన్న రైతుల మీద ప్రభుత్వం కోర్టుకు వెళ్లింది. కేడ్స్ కోవ్‌లో 1818లో మొదట కాపురం పెట్టిన జాన్ ఆలివర్, లుక్రీషియా దంపతుల మునిమనవడు జాన్ డబ్ల్యూ. ఆలివర్ ఏళ్ల తరబడి దావా నడిపి ఓడిపోయి, 1937 క్రిస్మస్ నాడు లోయ విడిచి వెళ్లారు. లిటిల్ గ్రీన్‌బ్రయర్‌లోని వాకర్ అక్కచెల్లెళ్లకు మాత్రం బతికున్నంత కాలం సొంత ఇంట్లో ఉండే హక్కు దక్కింది. వాళ్లలో ఆ ఇంట చివరిదాకా ఉన్న లూయీసా 1964లో చనిపోయింది.

ఇంకో సంగతి చాలామంది సందర్శకులకు తెలియదు. కేడ్స్ కోవ్ రైతులు ఖాళీ చేసేనాటికి ఆ లోయలో పలకలతో కట్టిన మంచి ఇళ్లుండేవి. టెలిఫోను తీగ కూడా వచ్చింది. ఉద్యాన అధికారులు కొత్తరకం ఇళ్లను చాలావరకు తీసేసి, పాత దుంగల ఇళ్లను, చర్చిలను, పిండిమరను మాత్రం ఉంచారు. ఇప్పుడు లోయలోకి వెళ్తే 1850 ప్రాంతంలో కాలం ఆగిపోయినట్టు అనిపిస్తుంది. ఆ భావన అధికారులు ఏరి నిలిపినదే. దెయ్యం కథకు అంతకంటే అనువైన రంగస్థలం ఉండదు: తలుపు తెరిచే ఉంటుంది, పొయ్యి చల్లగా ఉంటుంది, గోడలకు పగుళ్లుంటాయి, మనుషులు మాత్రం ఉండరు.

చెరోకీల లోకం

ఉద్యానం గురించి అమ్మే దెయ్యాల పుస్తకాల్లో చెరోకీ కథలను కూడా దెయ్యాల కిందే జమకట్టడం మామూలు. అది సరికాదు. చెరోకీలు చెప్పే నున్నేహీలు చచ్చి తిరిగేవాళ్లు కారు. ఎత్తయిన కొండల లోపల సభామందిరాలు కట్టుకుని ఉండే అమర జాతి వాళ్లు. పాటా ఆటా అంటే వాళ్లకు ప్రాణం. వేటగాడికి కొండ అవతల డోలు మోత వినిపిస్తుంది. అటు నడిస్తే మోత వెనకనుంచి వస్తుంది. వెనక్కి తిరిగితే పక్కనుంచి వస్తుంది. వాళ్లు దారి తప్పినవాళ్లను చేరదీస్తారు, యుద్ధంలో సాయం చేస్తారు.

ఈ కథల్లో చాలావాటిని 1887 నుంచి జేమ్స్ మూనీ అనే పరిశోధకుడు చెరోకీ పెద్దల దగ్గర విని రాసుకున్నాడు. ఆయన సంకలనం 1900లో అచ్చయింది. అందులో ఎక్కువ కథలు చెప్పినది అయూనినీ అనే వైద్యుడు. ఇంగ్లీషువాళ్లు ఆయన్ను స్విమ్మర్ అనేవారు. ఆయన ఆ పుస్తకం చూడకుండానే 1899లో కన్నుమూశాడు. ఉద్యానంలోకెల్లా ఎత్తయిన శిఖరం కువోహీ (6,643 అడుగులు) కింద ఎలుగుబంట్ల సభామందిరం ఉందనీ, దగ్గర్లోనే అటగాహీ అనే మాయా సరస్సు ఉందనీ, గాయపడ్డ ఎలుగు అందులో మునిగితే నయమైపోతుందనీ ఆ కథల్లో ఉంది. సరస్సు మామూలు కళ్లకు కనబడదు. ఆ శిఖరానికి తెల్లవాళ్లు పెట్టిన క్లింగ్‌మన్స్ డోమ్ పేరు తీసేసి, 2024లో పాత చెరోకీ పేరునే అధికారికంగా పునరుద్ధరించారు.

వీటిలో నిజంగా ఒళ్లు జలదరించేది ఉట్లుంటా కథ. కుడిచేతి చూపుడువేలు బల్లెంలా ఉండే ముసలిది. ఒళ్లంతా రాయి. అవ్వ రూపంలో వచ్చి, ఆడుకుంటున్న పిల్లల్ని తల దువ్వుతాను రమ్మని పిలుస్తుంది. ఒళ్లో తల పెట్టిన పిల్లకు నిద్ర పట్టేదాకా దువ్వి, ఆ వేలితో పొడిచి కాలేయం తీసుకుపోతుంది. గాయం కనబడదు, నొప్పి తెలియదు. పిల్ల లేచి ఇంటికి పోతుంది, రోజులు గడిచాక చిక్కిచిక్కి చచ్చిపోతుంది. చెస్ట్‌నట్ కాయలు ఏరడానికి ఆకులు కాల్చే రోజుల్లో పొగ చూసుకుని ఊళ్ల మీదికి వచ్చేది. చివరికి ఊరివాళ్లు గొయ్యి తవ్వి దాన్ని పడేశారు. ఎన్ని బాణాలు వేసినా రాతి ఒంటికి తగిలి విరిగిపోయాయి. టిట్‌మౌస్ పిట్ట అరుపు విని గుండెకు గురిపెట్టమంటోందనుకుని గుండె మీద కొట్టారు, పని జరగలేదు. అబద్ధం చెప్పిందని ఆ పిట్ట నాలుక కోశారు. అప్పుడు చికడీ పిట్ట వచ్చి ముసలిదాని కుడిచేతి మీద వాలింది. దాని గుండె ఉన్నది అక్కడే. వేలు మణికట్టుతో కలిసేచోట బాణం దిగగానే కూలిపోయింది. ఇంటి దగ్గర చికడీ కూస్తే దూరాన ఉన్నవాళ్లు క్షేమంగా వస్తారని ఆ తర్వాత చెప్పుకునేవారు.

ఉట్లుంటా తిరిగిన చోట్లలో ఒకటిగా మూనీ రాసిన చిల్‌హౌవీ కొండ ఉద్యానం పడమటి అంచున ఉంది. ఈ మధ్యకాలపు కథకులు దాన్ని ఫాంటానా సరస్సు ఒడ్డున ఒక కాలిబాటకు తెచ్చి కట్టారు. అడవిలో ఒంటరిగా తిరిగే పిల్లల్ని భయపెట్టి ఆపడానికి పుట్టిన కథ, నడకకు వచ్చే పర్యాటకులకు ఆకర్షణగా మారింది.

రోరింగ్ ఫోర్క్ లూసీ

తెల్లవాళ్ల కథల్లో బాగా ప్రచారమైనది ఇదే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఒక చలి రాత్రి ఫాస్టర్ అనే యువకుడు గుర్రం మీద పోతుంటే, రోరింగ్ ఫోర్క్ ఏటి దగ్గర చెప్పుల్లేకుండా నడుస్తున్న అమ్మాయి కనబడింది. పేరు లూసీ అంది. గుర్రం ఎక్కించుకుని, కోటు కప్పి, ఇంటి దగ్గర దింపాడు. ఆ అమ్మాయిని మరచిపోలేక కొన్నాళ్లకు పెళ్లి మాట్లాడదామని ఆ ఇంటికి వెళ్లాడు. తల్లిదండ్రులు ఆమె ఫోటో చూపి, ఇల్లు కాలిపోయి అందులోనే చనిపోయిందని చెప్పారు.

దారిలో ఎక్కించుకున్న మనిషి మాయమయ్యే కథ అమెరికా అంతటా ఉంది. రిచర్డ్ బియర్డ్‌స్లీ, రోజలీ హ్యాంకీ అనే పరిశోధకులు 1942, 1943లలో ఇలాంటివి పదుల సంఖ్యలో సేకరించి వర్గీకరించారు. జాన్ హెరాల్డ్ బ్రన్వాండ్ 1981లో పట్టణ గాథల మీద రాసిన పుస్తకానికి ఈ కథ పేరే పెట్టాడు. గుర్రం ఉన్న కథలు ముందువి, కారు ఉన్నవి తర్వాతివి. లూసీ కథలో స్థానికంగా ఉన్నది ఆ మంట. ఈ లోయలో ఇళ్లు చెస్ట్‌నట్, పాప్లార్ దుంగలతో కట్టి, చెక్క పెంకులు కప్పేవారు. వంటకీ చలికాచుకోవడానికీ ఒకటే పొయ్యి. నిప్పురవ్వ లేస్తే నీళ్లు ఏట్లోనే ఉన్నాయి. అందుకే ఉద్యానంలో చాలాచోట్ల ఇల్లు పోయి రాతి పొగగొట్టం ఒక్కటే చెట్ల మధ్య నిలబడి కనిపిస్తుంది. వాటిలో కొన్ని కాలిపోయిన ఇళ్లవి, ఎక్కువ భాగం ఉద్యానం కోసం కూల్చినవి.

ఇప్పుడు ఆ దారి అయిదున్నర మైళ్ల ఒంటిదారి మోటారు రోడ్డు. ఇఫ్రాయిమ్ బేల్స్ ఇల్లు ఇక్కడే ఉంది. రెండు చిన్న గదులు, మధ్యలో పైకప్పు మాత్రమే ఉన్న ఖాళీ. ఆ రెండు గదుల్లో భార్యాభర్తలు, తొమ్మిదిమంది పిల్లలు కాపురం చేశారు. పెద్ద గది తలుపు ఎంత చిన్నదంటే, మామూలు పొడుగు మనిషి తల వంచితే గానీ లోపలికి వెళ్లలేడు. అక్కడ నిలబడితే లూసీ కథ ఎందుకు పుట్టిందో ఎవరూ చెప్పనక్కర్లేదు. కథ చలికాలపు రాత్రిది గానీ, చలికాలంలో ఈ రోడ్డు మూసేస్తారు. లూసీని చూడాలని వచ్చేవాళ్లంతా వేసవి, శరత్తులలో కార్ల వరుసలో వస్తారు.

కేడ్స్ కోవ్ బొంత

కేడ్స్ కోవ్ కథ ఒక బొంత చుట్టూ నడుస్తుంది. పిడుగంటే ప్రాణం పోయే ఒక ఇల్లాలు తాను కుట్టిన బొంతను ఇనప మంచం మీద ఎప్పుడూ వేయవద్దని భర్త దగ్గర మాట తీసుకుని చనిపోయింది. రెండో భార్య వచ్చాక ఒక చలి రాత్రి ఆ మాట తప్పారు. పిడుగు ఆ మంచం మీదే పడి భర్త ప్రాణం తీసింది. ఈ కథకు ఆధారాలు వెదకడం దండగ. అందులోని బొంత, ఇనప మంచం, రెండో పెళ్లి, చనిపోయేవాళ్లకిచ్చిన మాట ఆ లోయ ఆడవాళ్ల రోజువారీ జీవితంలోవి. అదే దాని విలువ.

ఇదే లోయలో ప్రిమిటివ్ బాప్టిస్ట్ చర్చి పెరటి శ్మశానంలో రసెల్ గ్రెగరీ సమాధి ఉంది. అంతర్యుద్ధంలో ఈ లోయవాళ్లు ఎక్కువగా ఉత్తరాది పక్షం. నార్త్ కరోలినా నుంచి దక్షిణాది గెరిల్లాలు వచ్చి పశువుల్ని, గింజల్ని దోచుకుపోయేవారు. 1864లో వాళ్లను ఎదిరించడానికి ఊరిని కూడగట్టిన గ్రెగరీని చంపేశారు. చంపినదెవరో రాతి మీద చెక్కి మరీ చెప్పారు. అదే శ్మశానంలో చీలమండ ఎత్తు కూడా లేని రాళ్లున్నాయి. ఏట్లోంచి తెచ్చి నిలిపిన రాళ్లు, పేరు లేదు, తేదీ లేదు, నాచు పట్టి ఉన్నాయి. చాలావరకు పసిపిల్లలవి. ఊళ్లో ఎవరైనా పోతే చర్చి గంటను పోయినవారి వయసు లెక్కన కొట్టేవారు. ఏ ఇంట్లో ఎవరికి జబ్బుగా ఉందో అందరికీ తెలుసు గనుక, గంటలు లెక్కపెట్టుకుంటే ఎవరు పోయారో తెలిసిపోయేది.

ఫాంటానా ఒడ్డు వెలుగు

ఉద్యానం దక్షిణ సరిహద్దులో ఫాంటానా సరస్సు ఉంది. రెండో ప్రపంచ యుద్ధానికి అల్యూమినియం, కరెంటు కావాలని 1942లో లిటిల్ టెనెసీ నది మీద 480 అడుగుల ఎత్తు ఆనకట్ట మొదలుపెట్టి 1944లో పూర్తిచేశారు. ఉత్తరపు ఒడ్డు ఊళ్లు, వాటికి ఉన్న ఒకే ఒక్క మంచి రోడ్డు మునిగిపోయాయి. మునగని 44,000 ఎకరాలను ఉద్యానంలో కలిపారు. శ్మశానాలు ఒడ్డున మిగిలిపోయాయి, వాటికి దారి పోయింది. యుద్ధం అయ్యాక కొత్త రోడ్డు వేస్తామని 1943 ఒప్పందంలో ప్రభుత్వం మాట ఇచ్చింది. 1970ల మొదటికి కొన్ని మైళ్లు, చివర 1,200 అడుగుల సొరంగం కట్టి ఆపేశారు. తవ్విన రాయి నుంచి ఆమ్లం కారి వాగులు పాడవుతున్నాయన్నది ఒక కారణం. 2010లో రోడ్డుకు బదులు స్వెయిన్ కౌంటీకి 5.2 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పందం కుదిరింది. సగంలో ఆగిన ఆ రోడ్డును అక్కడి బ్రైసన్ సిటీ వాళ్లు ఎక్కడికీ పోని రోడ్డు అంటారు.

ఇక్కడి కథ ఇదీ: కూతురి సమాధి వెదుక్కుంటూ వచ్చిన ఒక తండ్రి అడవిలోనే చనిపోయాడు. ఆయన లాంతరు వెలుగు ఇప్పటికీ రాత్రుళ్లు ఒడ్డు వెంట కదులుతుంది. దారి తప్పినవాళ్లకు బాట చూపిస్తుంది. మన పొలాల్లో కొరివి దెయ్యం మనిషిని బురదలోకి, గట్టు మీదికి తిప్పి తిప్పి చంపుతుందంటారు. ఈ వెలుగు అందుకు పూర్తిగా వ్యతిరేకం. నా దృష్టిలో ఉద్యానం కథలన్నిటిలోకీ గొప్పది ఇదే. ఎందుకంటే సమాధికి దారి వెదుక్కోవడం ఇక్కడ నిజంగా జరిగింది, జరుగుతూనే ఉంది. 1970ల నుంచి ఆ కుటుంబాలవాళ్లు పట్టుబట్టి డెకొరేషన్ డేలు మళ్లీ మొదలుపెట్టారు. వసంతం, వేసవి ఆదివారాల్లో ఉద్యాన సిబ్బంది వాళ్లను పడవల్లో సరస్సు దాటించి శ్మశానాలకు తీసుకెళ్తారు. గడ్డి చెక్కి, మట్టి దిబ్బ చేసి, పూలు పెట్టి, పాటలు పాడి, అక్కడే కలిసి భోజనం చేసి వస్తారు. ఉద్యానం మొత్తంలో శ్మశానాలు నూట యాభైకి పైగా ఉన్నాయి.

ఎల్క్‌మాంట్ మిణుగురులు

ఎల్క్‌మాంట్ 1908 ప్రాంతంలో లిటిల్ రివర్ కలప కంపెనీ వెలయించిన ఊరు. చెట్లు కొట్టడం అయ్యాక నాక్స్‌విల్ సంపన్నులు వేసవి విడిదిళ్లు కట్టుకున్నారు. ఉద్యానం వచ్చాక లీజుల మీద ఉన్నారు. చాలా లీజులు 1992తో ముగిశాయి. వండర్‌లాండ్ హోటల్ ఆ ఏడే మూతపడి, 2005లో కూలింది. ఇళ్లు ఏళ్ల తరబడి పాడుపడి ఉండడంతో దెయ్యాల ఊరు అనే పేరు స్థిరపడింది. ఇప్పుడు కొన్నిటిని బాగుచేసి, మిగతావి తొలగించారు.

ఈ ఊరి అసలు వింత వేరే ఉంది. మే చివరి నుంచి జూన్ మధ్యలోపు ఇక్కడ మిణుగురులు ఒకే తాళంలో వెలుగుతాయి. మగ పురుగులు వరుసగా అయిదారు సార్లు మెరిసి, అన్నీ ఒక్కసారే ఆరిపోతాయి. ఎనిమిది సెకన్ల పాటు చిమ్మచీకటి. మళ్లీ కొండవాలు మొత్తం మెరుస్తుంది. ఉత్తర అమెరికాలో ఇలాంటివి లేవని శాస్త్రవేత్తలు అనుకుంటున్న రోజుల్లో, చిన్నప్పటి నుంచి ఎల్క్‌మాంట్ వరండాలో కూర్చుని చూసిన లిన్ ఫాస్ట్ వాళ్లకు ఉత్తరం రాసింది. 1990లలో పరిశోధకులు వచ్చి చూసి నిజమేనన్నారు. ఇప్పుడు చూడాలంటే లాటరీలో అనుమతి దక్కాలి.

ఈ అడవుల్లోనే నీలి దెయ్యం అని పిలిచే మరో మిణుగురు ఉంది. మగ పురుగు మెరిసి ఆరదు. పాలిపోయిన నీలపు వెలుగుతో నిమిషం దాకా ఆరకుండా, నేలకు మోకాలెత్తున, ఆకుల మీదుగా మెల్లగా సాగిపోతుంది. ఆడదానికి రెక్కలు లేవు, ఆకుల కింద ఉండి దాన్ని పిలుస్తుంది. ఎవరో చిన్న దీపం పట్టుకుని నేల వెదుకుతున్నట్టే ఉంటుంది. లాంతరు కథలన్నిటికీ ఇదే మూలమని అనలేం గానీ, కొన్నిటికి కాదని అనడానికీ నోరు రాదు. పుచ్చిన దుంగల మీద వెలిగే శిలీంధ్రాలు కూడా ఇక్కడ ఉన్నాయి. ఇక శబ్దాల సంగతి. స్క్రీచ్ గుడ్లగూబ వణుకుతూ దిగజారే ఏడుపు, బాబ్‌క్యాట్ కీచు, 2001లో కాటలూచీ లోయలో తిరిగి వదిలిన ఎల్క్ దుప్పుల శరత్కాలపు ఈల: ఏది విన్నా కొత్తవాళ్లు జడుసుకోవడం సహజం.

చూడబోయేవాళ్లకు

కేడ్స్ కోవ్ చుట్టుదారి పదకొండు మైళ్లు. పొద్దు గుంకేసరికి గేటు మూస్తారు గనుక కారులో రాత్రి దెయ్యాల వేట కుదరదు. మే నుంచి సెప్టెంబరు దాకా బుధవారాల్లో కార్లను రానివ్వరు. సైకిలు మీదో నడిచో వెళ్లవచ్చు, శ్మశానాలు తీరిగ్గా చూడాలంటే ఆ రోజే మేలు. ఉద్యానానికి ప్రవేశ రుసుము లేదు. పావుగంట మించి బండి ఆపితే 2023 నుంచి పార్కింగ్ ట్యాగ్ కొనాలి. ఫోను సిగ్నలు చాలాచోట్ల అందదు. నల్ల ఎలుగుబంట్లు సుమారు 1,900 ఉన్నాయి, వాటికి యాభై గజాల దూరం పాటించాలి. అడవిలో రాత్రి బస చేయాలంటే పర్మిట్ కావాలి. ఇక్కడ ప్రాణాలు తీసేవి రోడ్డు ప్రమాదాలు, జలపాతాల దగ్గర జారిపడడం, ఏట్లో మునిగిపోవడం.

సమాధుల మీది పూలు, బొమ్మలు, నాణేలు ముట్టుకోకూడదు. అవి కిందటి డెకొరేషన్ డేకు బంధువులు పెట్టి వెళ్లినవి. మెటల్ డిటెక్టర్ తేవడం నేరం. దుంగల ఇళ్ల గోడల మీద పేర్లు చెక్కడం కూడా నేరమే, అయినా చెక్కేవాళ్లు తగ్గలేదు. దెయ్యం కోసం వచ్చి, ఆ దెయ్యం పుట్టిన ఇంటి గోడనే చెక్కి పోవడం మన్నించరాని పని.

రాత్రి దెయ్యాల నడకలు కావాలనుకుంటే పొరుగునున్న గాట్లిన్‌బర్గ్ పట్టణంలో డబ్బు తీసుకుని నడుపుతారు. కథలు లోతుగా తెలుసుకోవాలనుకునేవాళ్లు చెరోకీ పట్టణంలోని మ్యూజియం ఆఫ్ ది చెరోకీ పీపుల్‌తో మొదలుపెట్టడం మంచిది. చెరోకీల కథలు అక్కడ చెరోకీలే చెబుతారు. తెల్ల కొండవాళ్ల మాటకు జోసెఫ్ హాల్ సేకరణ ఉంది. 1937లో ఉద్యానం వాళ్ల తరఫున వచ్చిన ఈ భాషా పరిశోధకుడు, ఖాళీ చేస్తున్న, చేయబోతున్న కుటుంబాల ఇళ్లకు వెళ్లి వాళ్ల యాసను, పాటలను, ఎలుగు వేట కబుర్లను, మంత్రగత్తెల కథలను రికార్డు చేశాడు. ఆ గొంతులు ఇప్పటికీ వినవచ్చు.